పులిగారి గాండ్రింపు

మా మామగారి పులి గురించి ఈ సందులో ఎవరూ ఏకవచనంలో మాట్లాడరు. అది నిజం పులి కాదు, ఫోన్‌లో గేమ్‌లోని పులి. ఆయన దానికి క్యాయి లొడాయా అని పేరు పెట్టారు. క్యాయి అన్న మాట తాతల నాటి బాకులకూ, గౌరవం గల ముసలివాళ్ళకూ తగిలించేది. దాంతో ఆ పులి మా టీమ్ మొత్తాన్ని చంపించినా సరే, "క్యాయిగారు కొంచెం ముందుకెళ్ళినట్టున్నారు" అనాల్సి వచ్చేది. నేను సురబాయలో పుట్టినదాన్ని. మా ఊళ్ళో కోపం వస్తే వచ్చిందనే చెబుతాం. పెళ్ళయి ఈ సోలో నగరానికి వచ్చాక నేను నేర్చుకున్న విద్య పళ్ళు కొరుక్కోవడం.

ఆగస్టు పదిహేడున మా స్వాతంత్ర్య దినోత్సవానికి సందుకీ సందుకీ మధ్య జరిగే పోటీల్లో గోనెసంచి పరుగుతోపాటు ఈసారి ఈ గేమ్ కూడా పెట్టారు. మా సందు తరఫున ఐదుగురం. ఆదివారం మధ్యాహ్నాలు సందు మొదట్లో ఉన్న కాపలా గుడిసెలో చాప పరుచుకుని సాధన చేసేవాళ్ళం. సందు కమిటీ కార్యదర్శి యుదో మా నాయకుడు, అతనిది విల్లు. అతని చెల్లెలు నింగ్రుమ్‌వి మంత్రాలు. దెబ్బ తిన్నవాళ్ళకు ప్రాణం పోసే వైద్యం నాది. మా ఆయన హండోకో డాలు పట్టుకుని అందరికన్నా ముందు నిలబడతాడు. రాక్షసుణ్ణి తనవైపే తిప్పుకుని, దెబ్బలన్నీ తనే కాచుకుని, వెనక ఉన్న మమ్మల్ని బతికించడం అతని పని. ఇక పులిని ఆడించే వేటగాడు మా మామగారు, సుగియర్తో. రిటైరైన హెడ్మాస్టరు. ఈ సందులో సగం మంది ఆయన చేత గోడకుర్చీ వేయించుకున్నవాళ్ళే, యుదోతో సహా. అందరూ ఆయన్ని బాపక్, అంటే నాన్నగారు అంటారు, కన్న కొడుకు పిలిచినట్టే.

మా ఆయన బాతిక్ దుకాణంలో బట్టలు చూపించే ఉద్యోగి. ఎవరేమన్నా తలూపుతాడు. కొనకుండా వెళ్ళిపోయేవాళ్ళకు కూడా క్షమించండి అని చెప్పి పంపుతాడు. డాలు పట్టుకున్నప్పుడు మాత్రం వేరే మనిషి. "నా వెనక్కి రండి, నేను చూసుకుంటాను" అని అతను అనగా నేను విన్నది ఆ చాప మీదే. ఆ ఒక్క చోటు కూడా అతనికి లేకుండా పోతుందేమోనని నా దిగులు. పోగొడుతున్నది ఎవరో నాకు తెలుసు కాబట్టి ఒళ్ళు మంట.

పులికి గాండ్రింపు అని ఒక విద్య ఉంది. ఒంటరిగా ఆడేటప్పుడు అది మంచిదే. గాండ్రిస్తే శత్రువు వేటగాణ్ణి వదిలి పులి మీదికి పోతాడు. నలుగురితో కలిసి ఆడేటప్పుడు దాన్ని ఆపేసుకోవాలి. డాలు పట్టినవాడు ఒకడు ఉన్నాడు కదా, శత్రువు అతనివైపే చూడాలి. ఆపడానికి స్క్రీన్ అడుగున చిన్న బటన్ ఉంది, ఒకసారి నొక్కితే చాలు. మా మామగారు నొక్కరు. గుహ చివర నిప్పులు కక్కే రాక్షసుడు ఉంటాడు. హండోకో వాణ్ణి నానా తంటాలు పడి గోడవైపు తిప్పి నిలబెడతాడు. సరిగ్గా అప్పుడు మా వెనక నుంచి పులిగారు గాండ్రిస్తారు. వాడు గిర్రున ఇటు తిరిగి కక్కిన నిప్పంతా నా మీదా, నింగ్రుమ్ మీదా పడుతుంది. వైద్యం చేసేదే పోయాక మిగతావాళ్ళు ఎంతసేపు ఉంటారు?

గాండ్రింపు ఒక్కటే అయితే ఏదో సర్దుకునేవాళ్ళం. ఇరుకు గుమ్మంలో అడ్డంగా నిలబడితే పులి వెడల్పుకి తలుపు ఎక్కడుందో కూడా కనబడదు. మేం గట్టు మీంచి కిందికి దూకితే అది దూకదు. చుట్టూ తిరిగి వస్తూ దారిలో నిద్రపోతున్న రాక్షసులందర్నీ లేపి వెంటబెట్టుకొస్తుంది. దూకేముందు పులిని లోపలికి పిలుచుకుని, దిగాక మళ్ళీ వదలాలి. పులి పెట్టుకున్నవాడు ఎవడైనా తోటివాళ్ళ కోసం చేసే పనే ఇది.

ఇదంతా అందరికీ తెలుసు. చెప్పేవాళ్ళు లేరు. సోలోవాళ్ళు చెప్పే పద్ధతి వేరు. యుదో అనేవాడు, క్యాయిగారి ఉత్సాహం మామూలుగా లేదని. మామగారు పొంగిపోయేవారు. క్యాయిగారు అలిసిపోయి ఉంటారు, కాస్త విశ్రాంతి ఇద్దామా అని నింగ్రుమ్ ఒకసారి ధైర్యం చేసింది. మా వాడికి అలుపేమిటమ్మా అని ఆయన నవ్వేశారు. చచ్చిపోయిన ప్రతిసారీ మా ఆయన, నాదే పొరపాటు, నేను గట్టిగా పట్టుకోలేకపోయాను అనేవాడు. ఆ వెంటనే మామగారి పాఠం మొదలయ్యేది.

"కాళ్ళు గట్టిగా నిలబెట్టుకోవాలి హండోకో. నీ పని కూడా మా క్యాయే చెయ్యాల్సొస్తోంది."

"సరే, బాపక్."

నలుగురి ముందు, టీ గ్లాసుల మధ్య, పెళ్ళయిన కొడుక్కి. నేను తల వంచుకుని ఫోన్ తుడుచుకునేదాన్ని. నోరు విప్పనని మా ఆయన నాచేత ముందే ఒట్టు వేయించుకున్నాడు. సురబాయ కోడలిది పెద్ద నోరని ఇప్పటికే సందులో పేరుంది, అది చాలదా అన్నాడు.

జూలై మధ్యలో యుదో అరిటాకులో చుట్టిన సెరాబి అట్లు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వానల గురించి, ధరల గురించి, తను కొత్తగా పెంచుకుంటున్న పిట్ట కూత గురించి మాట్లాడాడు. అట్లన్నీ అయిపోయాక, దుకాణంలో పని ఎక్కువగా ఉన్నట్టుంది, నువ్వు అలిసిపోతున్నావేమో అన్నాడు. అంతే, తప్పుకోమంటున్నాడని మా ఆయనకు అర్థమైపోయింది. నేనే చెబుదామనుకుంటున్నాను అన్నాడు నవ్వుతూ. డాలు పట్టడానికి కొత్తగా మా సందుకి మారిన గలీహ్ అనే మెకానిక్ వస్తాడట. మామగారు వాలుకుర్చీలోంచి, మంచి నిర్ణయం, అందరికీ అన్నీ రావు అన్నారు.

యుదో వెళ్ళాక వంటింట్లో మా ఆయన ప్లేట్లు కడుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"ఒక్క బటన్. అది నొక్కమని చెప్పడానికి నీకు నోరు రాదా?"

"ఈ వయసులో ఆయన మనసు పెట్టుకున్నది ఇదొక్కటే. తనవల్లే మనం ఓడిపోతున్నామని తెలిస్తే ఫోన్ పక్కన పడేస్తారు. మళ్ళీ ముట్టుకోరు."

"మరి నువ్వో?"

అతను కడిగిన ప్లేటునే మళ్ళీ కడిగాడు. నాకు ఆ ప్లేటు నేలకేసి కొట్టాలనిపించింది. మామగారి మీద కోపమో, ఈయన మీద కోపమో ఆ క్షణంలో నేనే చెప్పలేను.

తర్వాతి ఆదివారం గలీహ్ వచ్చి మా ఆయన చోట కూర్చున్నాడు. మా ఆయన టీ ఫ్లాస్కు, వేడి వేడి మెండోవాన్ బజ్జీలు తెచ్చి, చాప బయట మెట్టు మీద కూర్చున్నాడు. గలీహ్ బాగా ఆడతాడు, కాదనను. రాక్షసుణ్ణి చక్కగా గోడవైపు తిప్పాడు. పులి గాండ్రించింది. వాడు ఇటు తిరిగాడు. నేను బూడిదయ్యాను. మళ్ళీ ఆడాం, మళ్ళీ బూడిదయ్యాను. మూడోసారి అంతా పడిపోయాక గలీహ్ ఫోన్ దించి, చేతులు నలుపుకున్నాడు.

"నాదే పొరపాటు, బాపక్. నేను గట్టిగా పట్టుకోలేకపోయాను."

అదే మాట, అదే గొంతు. ఎవరైనా ఆ చోట కూర్చోగానే ఈ మాట వాళ్ళంతట వాళ్ళకే వస్తుంది కాబోలు. ఈ కాలం వాళ్ళకి వేళ్ళలో చురుకు లేదు అన్నారు మామగారు. యుదో గొంతు తగ్గించి, మార్కెట్ వైపు ఇంకొకతను ఉన్నాడు, అడిగి చూస్తానన్నాడు. నేను మెట్టువైపు చూశాను. మా ఆయన అందరి గ్లాసుల్లో టీ నింపుతున్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"బాపక్, మీ పులి గాండ్రింపు ఆపండి. అది అరిచినప్పుడల్లా రాక్షసుడు మావైపు తిరుగుతున్నాడు. మొదటినుంచీ అంతే. తప్పు గలీహ్‌ది కాదు, మీ అబ్బాయిదీ కాదు."

నింగ్రుమ్ బజ్జీల పళ్ళెం ఆయన ముందుకి జరిపింది. ఆయన దానివైపు చూడలేదు. తరగతిలో పిలిచినట్టు ఒక్కొక్కళ్ళనే అడిగారు. నిజమేనా, యుదో? కొంచెం, అప్పుడప్పుడు, బాపక్ అన్నాడు యుదో చాప అంచు పీకుతూ. నింగ్రుమ్ తలొంచుకుంది. నేనివాళే వచ్చానండీ అన్నాడు గలీహ్. చివరికి మెట్టువైపు తిరిగారు.

"నీకు తెలుసా?"

"తెలుసు, బాపక్."

"ప్రతి వారం ఇంటికెళ్ళేటప్పుడు అడిగానే. నా పులి ఎవరికైనా అడ్డం వస్తోందా అని. లేదన్నావు."

అది నిజమే. ఫ్లాస్కు పట్టుకుని వెనక నడుస్తూ నేనూ విన్నాను. మా ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. విప్పి, మళ్ళీ బిగించాడు.

"మీరు నిజంగా అడుగుతున్నారని నాకెప్పుడూ అనిపించలేదు."

ముసలాయన చేతిలో ఫోన్ వైపు చూసుకున్నారు. లేచి వెళ్ళిపోతారనే అనుకున్నాను. మా ఆయన కూడా అదే అనుకున్నాడు, లేవడానికి సాయం చేద్దామని సగం లేచాడు కూడా. ఆయన లేవలేదు. కళ్ళజోడు పైకి జరిపి, ఫోన్ నా ముందు పెట్టి, ఏ బటన్ అమ్మాయ్ అని అడిగారు. చూపించాను. నొక్కారు. ఒక చిన్న దీపం ఆరిపోయింది. ఇన్నాళ్ళ గోల అంతా అంతే.

"ఇప్పుడు నిజంగా అడుగుతున్నాను. ఇంకేం చేస్తోంది నా పులి?"

మా ఆయన మెట్టు మీద నుంచే మొదలుపెట్టాడు. మొదట గుమ్మం సంగతి. తర్వాత దూకడం, దారిలో నిద్రపోయేవాళ్ళని లేపడం. మాట మాటకీ బాపక్ అంటూ చెప్పాడు. మామగారు మధ్యలో అడ్డురాలేదు. దూకేముందు లోపలికి పిలవాలా అని మాత్రం ఒకసారి అడిగి, ఏ బటనో చూసుకున్నారు. గలీహ్ ఎవరూ చెప్పకుండానే లేచి చోటు వదిలి, గోడ పక్కకి జరిగాడు. మా ఆయన వచ్చి కూర్చున్నాడు.

"అంతేనా?" అన్నారు మామగారు.

"పులి సంగతి అంతే." మా ఆయన డాలు ఉన్న స్క్రీన్ వైపే చూస్తూ అన్నాడు. "నేను పడిపోయినప్పుడల్లా అందరి ముందూ నాకు పాఠం చెబుతారు. అది కూడా ఆపండి, బాపక్."

దానికి బటన్ లేదు. మామగారు తన మోకాలు రుద్దుకున్నారు. తర్వాత ఫోన్ చేతిలోకి తీసుకుని, తల ఎత్తకుండానే అన్నారు.

"ముందు నువ్వు నడువు. నేను నీ వెనకే ఉంటాను."