నలభయ్యో చెట్టు

ముప్పై ఆరో చెట్టుకు తాత రొమ్మెత్తున టేపు చుట్టి, దాని చివరను బొటనవేలితో నొక్కిపెట్టాడు. గోళ్ల సందుల్లో ఏనాటి బంకో నల్లగా ఉండిపోయింది.

"గుమ్మం ఒకటి" అన్నాడు అలవాటుగా.

పుస్తకం పట్టుకున్న అటవీ ఆఫీసరమ్మ కలం ఆపింది. "తాతా! మళ్లీ మొదలా? చుట్టుకొలత చెప్పండి."

"నోరు జారిందమ్మా. అరవై నాలుగు."

పోయినేడు ఈ అలవాటే కొంప ముంచింది. పుస్తకం తానే రాశాడు. చుట్టుకొలత గడిలో అంకెలకు బదులు, కోస్తే ఏ చెట్టుకు ఏమొస్తుందో వరసగా దూలం, గుమ్మం, దూలం. పై ఆఫీసు తిప్పి పంపేసింది. అరవై సెంటీమీటర్లు దాటిన చెట్లు నలభై ఉన్నాయని ఈసారీ తేలకపోతే ఈ కొండవాలు రక్షిత అడవిలో కలవదు. పాత కోతదారి మళ్లీ తెరుస్తారు.

అందరికీ ఆయన రంపం తాత. ఇరవై ఏళ్లు ఈ వాలును కోశాడు, ముప్పై ఏళ్లుగా దీనికే కాపలా. చెట్టు కనబడితే చాలు, కన్ను దాన్ని నిలువునా చీల్చి పేర్చేస్తుంది. "పెళ్లినాడు నన్ను చూసి కూడా ఎన్ని చెక్కలొస్తాయో లెక్కేసుంటావు" అంటుంది ముసలామె.

నాలుగడుగులకోసారి ఆగుతున్నాడు.

"కూర్చోండి తాతా, మిగతావి నేను చుడతాను."

"నువ్వు చుడితే టేపు వేలాడుద్దమ్మా. వేలెడు ఎక్కువొస్తే దొంగకొలత అంటారు."

ముప్పై తొమ్మిది అయ్యాయి. ఆపైన అన్నీ పొదలే. వాటి వెనక పాత మొద్దు, దాని వేరునుంచి లేచిన చెట్టు ఒకటి. మొద్దు మీద గాటు ఎడమనుంచి పడింది. అప్పటి కోతముఠాలో ఎడమచేతి వాటం ఆయనొక్కడిదే. టేపు చుట్టి, చాలాసేపు పైకి చూశాడు.

"ఏమొస్తుంది తాతా, దూలమా గుమ్మమా?" ఆఫీసరమ్మ నవ్వింది.

"ఏం రావట్లేదమ్మా. వెతికాను. చెట్టే ఉంది." టేపు మీది అంకె చూసి, "అరవై ఒకటి. రాసుకో" అన్నాడు.

ఆమె రాసుకుంది. ఫోను అందే గట్టుదాకా వెళ్లి, నలభై ఉన్నాయని ఆఫీసుకు చెప్పింది. తిరిగొచ్చేసరికి ఆయన మొద్దుకు ఆనుకుని ఉన్నాడు, గడ్డం రొమ్ము మీదికి వాలి. పిలిచింది. భుజం తట్టింది. తర్వాత పక్కనే కూర్చుండిపోయింది.

పొద్దు వాలకముందే నలుగురొచ్చి మోసుకుని దిగారు. మొద్దు దగ్గర ఒక కాలి బూటు ఉండిపోయింది, తాళ్లు పూర్తిగా వదులుచేసి, లోపల్నుంచి దులిపిన చిన్న రాయి పక్కనే.