వినేవాళ్ళంత గది

మెట్ల మలుపులో పడుకుంటున్న తమ్ముడు తెల్లవారగానే పైకి వచ్చి చేసే మొదటి పని గది తలుపు తోసి చూడటం. తలుపు లోపలికి తెరుచుకునేది. అది మంచం కోడుకు తగలకుండా ఎంతవరకు పోతుందో చూసి, పొట్ట బిగబట్టి పక్కవాటంగా లోపలికి దూరేవాడు. అప్పటికి అక్క ఉప్పునీళ్ళు పుక్కిలించి, టీ కాచి ఉంచేది. ఆమె మంచం మీద, అతను గుమ్మంలో కూర్చుని తాగేవారు.

కప్పులు కడిగిన తరువాత అక్క నోరు మూసుకునే సన్నగా రాగం తీసేది. కింది స్థాయి నుంచి మెల్లగా పైకి పోతూ ఉంటే ఒకచోట గది అందుకునేది. గిన్నెలు, కిటికీ అద్దం, గోడలు అన్నీ కలిసి వంత పాడినట్టు మోగేవి. ప్రతి గదికీ అటువంటి స్వరం ఒకటి ఉంటుంది. తమ్ముడు ఆ స్వరానికే ఫిడేలు తీగలు బిగించేవాడు. వాళ్ళకు ఉన్నది ఒక్కటే నాసి మైకు. గదికి నచ్చని శ్రుతిలో పాడితే పాట వెనక సీసాలో తేనెటీగ తిరిగినట్టు రొద వచ్చేది. పెద్ద స్టూడియోలవాళ్ళు గోడలకు మెత్తలు వేస్తారు. వీళ్ళకు మెత్తలు వేసుకునే చోటు లేదు. అందువల్ల గదికి లొంగి పాడటం నేర్చుకున్నారు.

"ఇవాళ ఎక్కడుంది?" అని అడిగాడు తమ్ముడు, తీగ మెలిపెడుతూ.

"నిన్నటికంటే పైన," అన్నది అక్క.

చిన్న గది స్వరం పెద్ద గది స్వరం కంటే పైన ఉంటుంది. వాళ్ళ గది తరిగిపోతున్నది.

పాటను లోకం మీదికి వదిలినవాళ్ళ గది, ఆ పాట వినేవాళ్ళను బట్టి పెరగడం, తరగడం ఆ ఊరిలో అందరికీ తెలిసిన సంగతే. వాన పడితే తలుపులు ఉబ్బుతాయని తెలిసినట్టు తెలుసు. అద్దెకిచ్చేవాళ్ళు ముందే అడిగేవారు, పాడి మీలో మీరే దాచుకుంటారా, బయట పెడతారా అని. పాటలన్నీ తీసేసుకున్నవాళ్ళ గది నాలుగు రోజుల్లో మొదటి కొలతకు వచ్చేది. ఒక్క పాట బయట మిగిలి ఉన్నా వచ్చేది కాదు. చోటు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని ఎవరూ ఆరా తీయలేదు.

పక్క గదిలో ఉండే పెద్దాయన తన కుక్క ఊళకు తాళం కలిపి చిన్న చిన్న వీడియోలు పెట్టేవాడు. కుక్క చివర ఏం చేస్తుందో చూద్దామని జనం కడదాకా ఉండేవారు. ఆయన గది పెళ్ళి చేయదగినంత హాలు అయి కూర్చున్నది. ఊడ్చుకోలేక ఆ కొసన ఒక చీపురు, ఈ కొసన ఒక చీపురు పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, నీకూ ఒక కుక్కను చూసిపెట్టమంటావా?" అన్నాడొకనాడు, వసారాలో నడుము పట్టుకుని నిలబడి.

"కట్టేయడానికి చోటెక్కడ బాబాయ్? ఉన్న తమ్ముణ్ణే మెట్ల మీద కట్టేశాను," అన్నది అక్క.

పెద్దాయన నవ్వాడు. అక్క కూడా నవ్వింది గాని, ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

ఈ ఇరుకంతా తన వల్లనే వచ్చిందని తమ్ముడి నమ్మకం. పాటలు కట్టడం, పాడటం అక్క వంతు. వాటిని ఎక్కడ పెట్టాలో తేల్చడం తమ్ముడి వంతు. ఫోన్ల దుకాణంలో పగిలిన అద్దాలు మార్చే ఉద్యోగం అతనిది. కాబట్టి ఆ లోకం తనకు తెలుసునని అనుకున్నాడు. మొదట ఫోన్లలో పాటలు వినిపించే వేదికల్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకున్నాడు. అక్కడ వినేవాడు అర నిమిషమైనా నిలబడకపోతే విన్నట్టు లెక్క కాదు. అందుకని ప్రతి పాటకూ మొదట్లో నెమ్మదిగా సాగే ఎత్తుగడ కోసివేశాడు. అక్క తాపీగా ఒక్కొక్క మెట్టే దిగే చోట, పాట నేరుగా నడిమధ్యకు దూకేది. జనం వచ్చారు, అర నిమిషం ఉన్నారు, పోయారు. వేదిక లెక్కలో అంకె పెరిగింది. గోడ వెనక్కి జరగలేదు. ఎక్కడో ఒకరు కడదాకా కూర్చుని వింటేనే గోడ వెనక్కి జరిగేది, లేకపోతే ముందుకే వచ్చేది.

తరువాత చిన్న వీడియోల వేదిక. అక్కడ ముఖం కావాలి. గోడకు వీపు ఆనించి నిలబడి అక్క రెండు పాటలు పాడింది. కింద జనం రాసినవన్నీ ఆమె జుట్టు గురించి, వెనక గోడ మీది చెమ్మ గురించి. మూడో పాటకు ఆమె ఫోను బోర్లా పెట్టేసింది.

ఆ తరువాత తమ్ముడు చేసిన పని క్షమించదగినది కాదు. పాటలకు ప్రచారం చేసిపెడతానన్న ఒక మనిషిని నమ్మాడు. వారం తిరిగేసరికి అంకెలు వేలమీదికి పోయాయి. తమ్ముడు చాప చుట్టుకుని మెట్ల మీది నుంచి పైకి వచ్చాడు, ఇక ఇక్కడే పడుకుంటానని. ఆ వారమే గది మునుపెన్నడూ లేనంత ముడుచుకున్నది. బల్ల ఇరుక్కుపోతే రంపం తెచ్చి ముక్కలు చేసి బయటకు తీయవలసి వచ్చింది.

ఇంటి యజమానురాలు వచ్చి, గుమ్మంలో నుంచే నాలుగు మూలలూ చూసింది. ఆమె ఇటువంటి గదులు చాలా చూసింది.

"మనుషులు కారమ్మా విన్నది. ఎక్కడో గోదాములో వరసగా ఫోన్లు పెట్టి మోగిస్తారు. ఎవరూ లేనిచోట పాట మోగుతూ ఉంటే గది ఇలాగే బిగుస్తుంది," అన్నది. ఆగి, "కిటికీ పగిలితే అద్దం మీరే వేయించుకోవాలి," అని కూడా చెప్పి వెళ్ళింది.

తమ్ముడు చాప తీసుకుని మెట్ల మలుపుకు తిరిగి వెళ్ళిపోయాడు. అక్క ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

గది ఇరుకైనకొద్దీ దాని స్వరం పైకి పోయింది. దానితోపాటు ఫిడేలు, ఫిడేలుతోపాటు అక్క గొంతు. మొదట ఆమె హాయిగా నిలబడి పాడిన పాటలను ఇప్పుడు మునివేళ్ళ మీద లేచి, మెడ నరాలు బిగించి పాడవలసి వస్తున్నది. ఆ దశలో ఆమెకు ఉద్యోగం ఇస్తామని ఫోను వచ్చింది. పెద్ద పెద్ద సంస్థలకు ఫోన్ చేసినప్పుడు, దయచేసి వేచి ఉండండి అని చెప్పే గొంతులను తయారుచేసే చోటు అది. అక్కడి అధికారిణికి పాటల్లో విన్న అక్క గొంతు నచ్చింది.

"మీ గొంతులో ఓపిక ఉందండీ. అదే మాక్కావాలి," అన్నది ఫోన్లో. "ఒక్కటే నియమం. ఈ గొంతు ఇంకెక్కడా వినపడకూడదు. పాటలన్నీ తీసేయాలి. ఇక ముందు కూడా పెట్టకూడదు. శుక్రవారం లోపల చెప్పండి."

అక్క ఫోను పెట్టేసి సంగతి చెప్పింది.

"ఒప్పేసుకో అక్కా," అన్నాడు తమ్ముడు.

"మెట్ల మీద నిద్ర పట్టడం లేదా?"

"దాని గురించి కాదు. నిన్న పై స్వరం పట్టినప్పుడు నీకు నెత్తురు పడింది. నువ్వు ఉమ్మితే చూశాను."

"చిగుళ్ళది."

"చిగుళ్ళు ఎప్పటినుంచి పాడుతున్నాయి?"

అక్క మంచం మీద మోకాళ్ళు దగ్గరకు తీసుకుని కూర్చున్నది. అంతకంటే మరోవిధంగా కూర్చునే వీలు కూడా లేదు.

"నేను ఒప్పుకుంటే గది బాగుపడుతుంది. నువ్వు లోపల పడుకుంటావు. నా గొంతు కూడా బాగుపడుతుందేమో," అన్నది చివరకు. "అన్నీ తెలుసురా. ఒక్కటి మాత్రం చేసి ఒప్పుకుంటాను. ఇక ఈ గది చెప్పిన శ్రుతిలో పాడను. నా శ్రుతిలో పాడతాను. పాట మొత్తం. ఎత్తుగడ కోయవద్దు."

"ఏ పాట?"

"పడవది."

పడవ వెళ్ళిపోయాక రేవులో మిగిలిన మనిషి పాట అది. భర్త ఇంటినుంచి పెట్టె పట్టుకుని వచ్చేసిన ఏడాది ఆమె కట్టుకున్నది. ఇరవై నిమిషాలు పట్టే పాట. ఇంతవరకు తమ్ముడికి తప్ప ఎవరికీ వినిపించలేదు.

తమ్ముడు తీగలన్నీ కిందికి సడలించాడు. అక్క తనకు సుఖమైన చోట, దాదాపు మాట్లాడే గొంతులో, మొదలుపెట్టింది. గదికి అది నచ్చలేదు. మొదటి చరణం నుంచే గోడలు గుర్రుమన్నాయి. ఫిడేలు కింది తీగను పట్టుకుని లాగుతున్నట్టు ఒక బరువైన మోత పాట పొడవునా వెంటబడింది. అక్క ఆగలేదు. గది అరిచేచోట ఆమె ఇంకా తగ్గింది. రేవులో మనిషి నీళ్ళకేసి పిలిచే చోట ఆమె గొంతు చీలింది. చీలిన గొంతుతోనే ముగించింది. ముగిసిన తరువాత తమ్ముడు కమాను దించడం మరిచిపోయి కూర్చున్నాడు.

పెద్ద వేదిక ఆ పాటను తీసుకోలేదు. నేపథ్యంలో రొద ఉన్నదని, శుభ్రం చేసి పంపమని యంత్రం జవాబిచ్చింది. తమ్ముడు దుకాణంలో కూర్చుని, ఒక మధ్యాహ్నమంతా పాటను శుభ్రం చేశాడు. గది మోత పోయింది. దానితోపాటు అక్క గొంతులో కింది సగం పోయింది. సాయంత్రం వినిపిస్తే ఆమె తల పక్కకు వంచి విన్నది.

"ఎవరిది ఈ గొంతు?" అని అడిగింది.

శుభ్రం చేయని పాటను ఇంకా రెండు వేదికలు అలాగే తిప్పి పంపాయి. మిగిలింది ఒక చిన్న చోటు. ఎవరో ఒకావిడ తన ఇంటినుంచే నడుపుతున్నది. అక్కడ ముఖాలు లేవు, అంకెలు లేవు, మెచ్చుకోళ్ళు లేవు. పాట పేరు పక్కన నిడివి మాత్రం రాసి ఉంటుంది. కావలసినవాళ్ళు ఆ నిడివి చూసి, ఒప్పుకుని, పాటను తమ వెంట తీసుకుపోవాలి.

"శ్మశానంలా ఉందక్కా. మనుషులు వస్తారో రారో తెలియదు. లెక్క కూడా చూపించరట. విన్నారని మనకెలా తెలుస్తుంది?"

"గోడ ఉంది కదరా."

"అది కదలకపోతే?"

"కదలకపోతే ఆ ఉద్యోగం చేస్తాను. పాతవన్నీ తీసేయ్. గోడ కదిలితే దేనికి కదిలిందో తెలియాలి."

తమ్ముడు ముక్కలు చేసిన పాటలన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. పడవ పాట ఒక్కటే ఆ చిన్న చోట నిలబడింది.

గోడలు కదిలాయి, లోపలికి. మంచం కోళ్ళు విప్పి పరుపు నేలమీద వేశారు. మరునాడు పరుపు మడవవలసి వచ్చింది. కిటికీ అద్దం ఒక మూల నుంచి ఇంకో మూలకు చిట్లింది. తలుపు చెయ్యి పట్టేంత మాత్రమే తెరుచుకుంటే, తమ్ముడు టీ కప్పును ఆ సందులో నుంచి అందించి, అక్క తాగేదాకా బయట నిలబడ్డాడు. పక్కగది పెద్దాయన వచ్చి, తన హాలులో ఒక కొస వాడుకోమని చెప్పాడు.

"వేరే వాళ్ళ చప్పట్లలో నిద్ర పట్టదు బాబాయ్," అన్నది అక్క లోపలినుంచి.

"నువ్వు నోరు మూసుకుని పోరా అన్నా ఇంత ముద్దుగా అంటావమ్మా," అని ఆయన వెళ్ళిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆమె వీపు ఒక గోడకు, పాదాలు ఎదుటి గోడకు ఆని ఉన్నాయి. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. తలుపు ఇవతల మెట్టు మీద తమ్ముడు తల రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. తాను పాటలు కోసినందుకు ఆమె ఈ గదిలో నలిగిపోతున్నదని అతనికి మళ్ళీ మళ్ళీ తోస్తున్నది. ఫోను మోగింది.

"ఆ పాటలన్నీ తీసేశారని మావాళ్ళు చూశారండీ. సంతోషం. ఒక్కటే మిగిలిందట, ఎక్కడో మారుమూల. అది కూడా తీసేస్తే ఒప్పందం పంపిస్తాను," అన్నది అధికారిణి.

"తీసేస్తానండీ," అనడానికి అక్క ఊపిరి తీసుకున్నది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఒక పాదాన్ని గోడ మీద జరపబోయింది. పాదానికి గోడ తగలలేదు.

ఆమె కాలు ఇంకొంచెం చాపింది. అయినా తగలలేదు. మోకాలు చాలా రోజుల తరువాత పూర్తిగా తెరుచుకున్నది. ఎదుటి గోడ చప్పుడు లేకుండా వెనక్కి జరిగి ఆగింది. గది పెద్దదేమీ కాలేదు. ఒక మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చుని వినేంత చోటు మాత్రం ఏర్పడింది, ఆమెకు సరిగ్గా ఎదురుగా.

"వింటున్నారా అండీ?" అన్నది ఫోన్లో గొంతు.

"నేను రావడం లేదండీ," అన్నది అక్క.

"ఇంకా పెద్ద సంస్థ ఏదైనా పిలిచిందా?"

"లేదండీ. ఎదురుగా ఒకరున్నారు. మధ్యలో లేవడం బాగుండదు."

తలుపు కొంచెం తెరుచుకోవడం చూసి తమ్ముడు భుజం దూర్చి లోపలికి వచ్చాడు. ఆ ఖాళీ చూశాడు. అతని ముఖం ముడతలు విప్పుకున్నది. చాప పరచడానికి చాలదు గాని, కాసేపు కూర్చోవడానికి చాలుతుందనుకుని ఒంగబోయాడు.

అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కడ వద్దురా," అన్నది. "అది వాళ్ళది."

తమ్ముడు ఒక్క క్షణం ఆమె ముఖంకేసి చూసి, వచ్చిన దారినే గుమ్మంలోకి వెనక్కి తగ్గి, నిలబడే ఫిడేలు భుజానికెత్తుకున్నాడు. అక్క ఆ ఖాళీ చోటుకేసి తిరిగి, గొంతు తగ్గించి, ఎత్తుగడ నుంచి మొదలుపెట్టింది. ఆ ఒక్క గోడ నిలిచిపోయింది. మిగిలిన మూడూ మెల్లగా దగ్గరకు జరుగుతూనే ఉన్నాయి.