కడుగునీళ్ళ మాట

పొద్దున్నే తూము తలుపు ఎత్తగానే పట్నంలో వాడి వదిలేసిన నీళ్ళు కాలువలోకి దిగుతాయి. శుద్ధి కేంద్రంలో మురికి పోతుంది, కంపు పోతుంది. మాటలు మాత్రం పోవు. కుళాయి కింద ఎవరేం గొణిగినా, మడి నిండే వేళకి గలగలా బయటికొస్తుంది. ఎవరి మొగుడు ఇంటికి రాలేదో, ఎవరికి జుట్టు రాలుతోందో ఆ కాలువ కింది ఊరంతటికీ తెలుసు. అడిగి చూడండి, ఎవరికీ తెలియదు! ఒంటి మీద బట్టలేనప్పుడు అన్న మాట ఎత్తకూడదని ఆ ఊరి కట్టుబాటు. విన్నా విననట్టే.

ఆ రోజు అత్తా కోడళ్ళు నిమ్మమొక్కలకి గుంతలు తీస్తున్నారు. కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరూ, ఆ కాస్త పొలం చెక్కా. కాలువలో శుద్ధి కేంద్రం ఇంజనీరు గొంతు పలికింది. సాయంత్రం ఊళ్ళో మీటింగుకి షవరు కింద వల్లె వేసుకున్నట్టున్నాడు.

"రైతు సోదరులారా, మీ నీళ్ళు ఎక్కడికీ పోవు..." గొంతు తగ్గించి, "పోతాయి. వచ్చే నెల నుంచి మొత్తం ఫ్యాక్టరీకే. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కోడలు పార వదిలేసింది. "అత్తా, విన్నావా?"

"ఏం వినాలే? కప్ప అరుస్తోంది. గుంత తియ్యి."

"ఆ కప్పకి ఇంజనీరు ఉద్యోగం ఎవరిచ్చారో!"

మీటింగులో ఇంజనీరు మొదటి సగమే చెప్పాడు. చప్పట్లు మోగాయి. కోడలు లేచి రెండో సగం అప్పజెప్పింది. ఇంజనీరు మొహం పాలిపోయింది. అయినా ఊరు పడింది ఆమె మీదే.

"మగాడి స్నానం మాట నలుగురిలో ఎత్తుతావా? సిగ్గు లేదూ?"

"మీకుంది కదా సిగ్గు! రేపు మొక్కలకి అదే పోసి పెంచుకోండి."

అందరూ మొక్కలు నాటారు. అత్త కూడా నాటింది. కోడలు పట్నం పోయి హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది.

అన్నట్టే నీళ్ళు ఆగిపోయాయి. నిమ్మాకులు ముడుచుకుని, రాలి, పుల్లలు మిగిలాయి. ఊళ్ళో ఒక్కో ఇంటికీ తాళం పడింది. అత్త మాత్రం తాగే బిందెలో సగం ఆ పుల్లలకే పోస్తూ ఉండిపోయింది.

కోడలు రోజూ గిన్నెల తొట్టి మీదకి వంగి చెప్పేది: "అత్తా, ఇక్కడ కూరగాయలు తరిగే పనుంది. గది ఇరుకే, సర్దుకుందాం. వచ్చెయ్." చెప్పాక గుర్తొచ్చేది, ఆ నీళ్ళిప్పుడు పొలానికి పోవని. ఫ్యాక్టరీలో మరిగి, ఆవిరై, పొగగొట్టం ఎక్కుతాయి. ఊరి మీదుగా పోయే ఆ తెల్లమబ్బు ఏనాడూ కురవదు.

ఒక్కసారి మాత్రం, పుల్లలకి నీళ్ళు పోస్తున్న అత్త నుదుటి మీద ఒక చుక్క రాలింది. తుడుచుకుంది. తల ఎత్తి మబ్బుకేసి చూసింది. బిందె బోర్లించింది.

హోటలు వెనక గుమ్మంలో సంచితో నిలబడ్డ ముసలమ్మని చూసి, కోడలు సబ్బు చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "ఇక్కడ పనుందని నీకెవరు చెప్పారత్తా?"

"నువ్వే. విన్నాను."

సంచి కిందపెట్టి, తల ఎత్తకుండా అంది.

"ఆ రోజు కూడా విన్నానే."