పరుపుల గదిలో పాఠం

"కూర మాడిపోతోంది, ఎక్కడ చచ్చావే కొండపిట్టా" అని అత్తగారు వంటింట్లోంచి కేకేసేసరికి, ఆమె సామాన్ల గదిలో పాత పరుపుల మధ్య కూర్చుని ఉంది.

"ఆ నాలుగు మాటలూ చెప్పేసి పో" అన్నాడు భర్త, రికార్డింగు పెట్టిన ఫోను ఆమె నోటి దగ్గర పట్టుకుని.

కొండపిట్ట అని పేరు పెట్టింది అత్తగారే. పెళ్ళయిన కొత్తలో ఆమె తన తల్లితో ఫోనులో తమ కొండభాష మాట్లాడితే, "ఆ పిట్టల గోల నా కొంపలో వద్దు" అనేది. పాప మొదటిసారి ఆ భాషలో అమ్మా అని పిలిచిననాడు అత్తగారు పసిదాని మూతి మీద ఒక్కటిచ్చింది. "పిల్లకి కూడా అంటించకు" అన్నాడు మొగుడుగారు, పేపర్లోంచి తలెత్తకుండా. అప్పట్నుంచి ఆమె తల్లితో స్నానాలగదిలో పంపు తిప్పి మాట్లాడేది. ఆ తల్లీ పోయింది. ఇప్పుడు ఆ భాష వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారని ఎక్కడో చదివి, అయ్యగారికి ఉన్నట్టుండి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆన్‌లైన్‌లో క్లాసులు మొదలెట్టాడు. గొంతు ఆమెది, గురువుగారు ఆయన.

ఆ సాయంత్రం ఆయన క్లాసు చెబుతున్న గదికి కాఫీ పట్టుకెళ్ళి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తెరమీద పాతికమంది ఆమె మాటలు అప్పజెబుతున్నారు. అందరూ గుసగుసగానే. పెదవులు కదిలీ కదలకుండా, గొంతు మింగేస్తూ, అచ్చం ఆమె పరుపుల మధ్య అత్తగారికి వినబడకుండా పలికినట్టే.

"ఈ భాషలో గట్టిగా మాట్లాడరా అండీ?" అడిగిందొకావిడ.

"మాట్లాడరమ్మా. చాలా మర్యాదగల భాష. ఆడవాళ్ళయితే మరీనూ" అన్నాడాయన.

ఆమె తల్లి ఈ కొండ మీంచి పిలిస్తే అవతలి కొండ మీది మేకలు తలెత్తేవి. ఆ భాషలో ఆడవాళ్ళు విరగబడి నవ్వేవాళ్ళు, జుట్లు పట్టుకుని తిట్టుకునేవాళ్ళు. బతికిస్తున్నానని తాను మురిసిపోయిన ఆ భాషకు ఆమె తన భయమే అంటించింది.

తెర మూలలో కూతురి ముఖం కనబడింది. పక్కగదిలో కూర్చుని అదీ నేర్చుకుంటోంది. తన వంతు రాగానే, నానమ్మ ఉన్న వైపు ఒకసారి చూసి, అమ్మా అని ఆ భాషలో గొణిగింది.

ఆమె కాఫీ కింద పెట్టి, తన తల్లి పిలిచినట్టు, గొంతెత్తి కూతుర్ని పిలిచింది.

"మతి పోయిందా?" అంటూ భర్త మైకు ఆపేశాడు. "ఏమిటే ఆ అరుపు?" అంది వంటింట్లోంచి అత్తగారు. పక్కగదికి మైకుతో పనేముంది? కూతురు పలికింది, గుసగుసగానే.

ఆమె మళ్ళీ పిలిచింది.