ఎవరి పేరు రాయాలి

జీడితోటల మీదుగా ఉప్పుగాలి.
తొమ్మిదో తరగతి కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి.

బోర్డు మీద పెద్ద అక్షరాలు — బానిసత్వం.
దాని కింద — మన ఊరి కంబారి, బొడ్డమ్మ.

రాసింది ప్రమోదిని. సోషల్ టీచరు. ఈ ఉద్దానం ఊరికి వచ్చి ఏడాది.
పుస్తకంలో పాఠం ఎక్కడో దూరదేశపు ఓడల్లో ఉంది. దాన్ని ఊళ్ళోకి తేవాలనుకుంది. ఇళ్ళల్లో ముసలివాళ్ళను అడిగి రాసుకు రమ్మంది.
తిరుమల తన నాయనమ్మ కథ తెచ్చింది. తొమ్మిదేళ్ళకే పెద్దింటికి కంబారిగా కట్టుబడి, పద్నాలుగేళ్ళు వెట్టిచేసి ఆ గొడ్లసాలలోనే పడుకున్న బొడ్డమ్మ కథ.

ఎంత మంచి పాఠం… అనుకుంది ప్రమోదిని.

మర్నాటి నుంచి తిరుమల బడికి రాలేదు.
బానిస మనవరాలు — అన్నారట. గేటు దగ్గర. కుళాయి దగ్గర.

మూడో రోజు తారకేశ్వరరావు వచ్చాడు. ఆ పెద్దింటి కొడుకు. బడికి స్థలమిచ్చినవాడు.
వెనక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.
"అన్నం పెట్టి పెంచినాం టీచరుగారూ. పాత గొడవలు మీకేల? తుడిసేయండి."

ఆమె డస్టర్ ముట్టలేదు.

అంతలో గుమ్మంలో బొడ్డమ్మ. చేతికర్ర. వెనక తిరుమల.

"నా పేరు తుడిసీ," అంది.

"మీ కష్టం నలుగురికీ తెలియాలనే కదమ్మా…"

"నన్నడిగినావేటి?"


ప్రమోదిని పిల్లల్ని అడిగింది. పుస్తకాలు తిరగేసింది. ఈమె గడప తొక్కలేదు.

డస్టర్ తీసింది. పేరు పోయింది. సుద్దపొడి రాలింది.

"సెప్పినానా," అంటూ తారకేశ్వరరావు లేచాడు. నవ్వుతూ.

"కూకో బాబూ," అంది బొడ్డమ్మ, అతని వైపు తిరగకుండానే.

కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అతనికే తెలియనట్టు.

ఖాళీ అయిన చోటికి కర్ర ఎత్తింది ముసలామె.
"నాను పని సేసినాను. అందల సిగ్గేటి? నన్ను కట్టీసినోడికీ ఓ పేరుంది గదా. అది రాయి. ఈ బాబు అయ్య పేరు."


తారకేశ్వరరావు బొడ్డమ్మను చూడటం లేదు. ప్రమోదినిని చూస్తున్నాడు — ఇక్కడ ఎన్నాళ్ళుంటావో చూస్తానన్నట్టు.

సుద్దముక్క చెమటకు మెత్తబడింది.
మెడ వెనక ఆ చూపు.

ప్రమోదిని బోర్డు వైపు తిరిగింది.
"ఆయన పేరు చెప్పండమ్మా…"

వెనక కుర్చీ కాళ్ళు నేలను గీరాయి.