చిత్రావతికి పోవాల్సిన బంగారక్క

నేను ఒక తోలుబొమ్మను. పేరు బంగారక్క. రాముడికి దండాలు, సీతకు హారతులు, నాకేమో ఈలలు. కథ మధ్యలో జనం కునికిపాట్లు పడుతుంటే తెర మీదికొచ్చి, మొగుణ్ణి నాలుగు తన్ని, ఆ ఊరి పెద్దమనిషిని రెండు తిట్టి పోయేదాన్ని. తిట్లు తిన్న పెద్దమనిషే అందరికంటే గట్టిగా నవ్వేవాడు. నిజాన్ని బొమ్మ చెబితే మనుషులకు కోపం రాదని నాకు అప్పుడే తెలిసింది.

మేకతోలు నానబెట్టి, గీకి, పలచన చేసి, సన్నని చిల్లులు కొట్టి, రంగులేసి నన్ను తయారుచేసింది, నన్ను ఆడించే తిప్పమ్మకు తాత. తిప్పమ్మ తల్లి, ఆమె తర్వాత తిప్పమ్మ నాకు గొంతయ్యారు. ధర్మవరం చుట్టుపక్కల మేము ఆడని ఊరు లేదు.

వయసు మీదపడి నా మోచేతులు చిరిగాయి. కుట్టబోతే తోలు నిలవలేదు. ఆటకు పనికిరాని బొమ్మను మావాళ్లు పారేయరు. పసుపు కుంకుమ పెట్టి ఏట్లో వదులుతారు. అదే దానికి ముక్తి. నా వంతు వచ్చేసరికి చిత్రావతిలో చుక్క నీరు లేదు. తిప్పమ్మ నన్ను చాపలో చుట్టి వాన కోసం ఎదురుచూసింది.

వాన రాలేదుగానీ సినిమావాళ్లు వచ్చారు. రాజుల కాలం కథట, అచ్చమైన పాత బొమ్మ కావాలట. "మళ్లా తెచ్చియ్యల్ల సామీ, దాన్ని ఏటికి పంపల్ల" అని ఒకటికి రెండుసార్లు చెప్పి ఇచ్చింది తిప్పమ్మ. తీరా అక్కడ ఆర్ట్ డైరెక్టర్ నన్ను లైటుకు పట్టి చూసి, ఇంత రంగుంటే పాతదని ఎవరూ నమ్మరన్నాడు. ప్లాస్టిక్ షీటు మీద నాలాంటి బొమ్మను గీయించి, టీ డికాషన్ పూయించి, దాన్నే ఆడించాడు. నేను గోడకు వేలాడుతూ చూశాను. నిజం చెప్పొద్దూ, నాకంటే అదే పాతగా కనిపించింది.

సినిమా అయ్యాక సామానంతా హైదరాబాదులో ఒక మ్యూజియానికి దానమిచ్చేశారు, నాతో సహా. అద్దాల పెట్టెలో ఇంకో రెండు బొమ్మల పక్కన ఒక మూల చోటు, చల్లటి గాలి, కాళ్ల దగ్గర ఒక చీటీ. చూడ్డానికొచ్చినవాళ్లు ఆ చీటీ చదివి, నా పక్కన ఫోటో దిగి, నన్ను చూడకుండానే పోయేవారు.

ఎన్నో ఏళ్లకు చిత్రావతి పారింది. తిప్పమ్మ నా జాడ కనుక్కొని, కొడుకు ముకుందరావును వెంటబెట్టుకుని, పసుపు కుంకుమ కొంగున కట్టుకుని వచ్చింది. ఆఫీసరు భానుమూర్తి మంచివాడు. సంగతంతా విని, "మీ బొమ్మను మీరు తీసుకెళ్లండమ్మా" అని పెట్టె తెరిపించాడు.

తిప్పమ్మ నన్ను చేతిలోకి తీసుకుంది. నా ప్రాణం అప్పుడే ఏటి ఒడ్డుకు పోయింది. అంతలో ఆమె పెట్టెలోకి చూసి ఆగిపోయింది. అక్కడ సీత ఉంది, ఆమె భుజానికి రావణుడి చెయ్యి తగులుతోంది. వేరే మేళంవాళ్లు అమ్ముకున్న బొమ్మలవి. సీతనూ రావణుణ్ణీ ఒక్కచోట ఉంచడం మావాళ్లలో మహాపాపం. మూటలో కూడా వాళ్లను తగలనివ్వరు.

"ఈయమ్మను ఈడ పెట్టిందెవురు సారూ? రేయీ పగులూ వాని పక్కనేనా?"

"ఇద్దరిదీ ఒకే కథ కదమ్మా అని పెట్టాం. వేరే పెట్టె లేదు. రావణుణ్ణి తీసేద్దామంటే, వచ్చినవాళ్లంతా ముందు వాణ్ణే అడుగుతారు."

"పోదాం పామ్మా, మన బొమ్మ మనకొచ్చె గదా" అన్నాడు ముకుందరావు.

తిప్పమ్మ నా చిరిగిన మోచేతిని చాలాసేపు నిమిరింది. తర్వాత కొంగుముడి విప్పి, నాకు బొట్టు పెట్టి, తన చేత్తోనే నన్ను వాళ్లిద్దరి మధ్య నిలబెట్టింది. నన్నొక్క మాట అడగలేదు. అడిగినా నేను కాదనేదాన్ని కాదు. కానీ ఏరంటే నాకూ ఆశే. ఏడుపొచ్చింది.

అద్దం మూయబోతుంటే తిప్పమ్మ అడ్డుకుని, ఇన్నేళ్ల తర్వాత నా గొంతెత్తింది.

"ఏమిరా పదితలలోడా, అట్ల జరుగు. ఇంగ నీ కాపురం నాతోనే."

చుట్టూ ఉన్న జనమంతా నవ్వారు. తిప్పమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచింది.