ఆపిల్ అచ్చరాలు

జగిత్యాల పాత బస్టాండు ఎనుక సందుల హన్మంతు డీటీపీ దుకాణం తెల్వనోళ్లు లేరు ఆ రోజులల్ల. మనిషి బక్కగ ఉంటడు, నోరు మాత్రం పెద్దది. సీసపు అచ్చరాలు ఏరి పేర్చే కంపోజిటర్ పనిల సగం జిందగీ గడిపినోడు. ఆ ప్రెస్సులు మూతపడి కంప్యూటర్లు వచ్చినంక తనూ ఒక మిషను పెట్టిండు. పెట్టిండు గని, అందరు పెట్టిన మిషను పెట్టలే. వచ్చిన తంటా అంత అక్కడ్నే ఉన్నది.

తొంభై తొమ్మిదిల జగిత్యాల గానీ, కోరుట్ల గానీ, సిరిసిల్ల గానీ, ఏడ చూసినా విండోస్ మిషన్లే. హైదరాబాద్ కోఠిల విడి సామాన్లు కొనుక్కొచ్చి బిగిచ్చుకునుడు, ఎవరినో ఫ్లాపీ అడుక్కొచ్చి దాంట్ల తెలుగు ఎక్కిచ్చుకునుడు. అందుకే ఒకరి అచ్చరానికీ ఇంకొకరి అచ్చరానికీ ఫరకు లేకుంట అన్ని దుకాణాలదీ ఒక్కతీరే ఉండేది. హన్మంతు మాత్రం హైదరాబాద్‌ల బందైన ఓ పత్రికాఫీసు నుంచి కొరికిన ఆపిల్ పండు బొమ్మున్న మిషను తెచ్చుకున్నడు. మ్యాక్ అంటరు దాన్ని. ఈ చుట్టుపక్కల అసొంటిది ఇంకోటి లేదు.

దీని మీద ఆయనకూ ఆయన బావ రాజమల్లుకూ ఎప్పుడూ లొల్లే. రాజమల్లు హన్మంతు చెల్లె సారక్క పెనిమిటి. కోరుట్లల విండోస్ మిషన్లు పెట్టుకొని ఇదే దందా చేస్తడు. ఆదివారం వచ్చిండంటే చాలు, కల్లు సీస ముందట పెట్టుకొని మొదలువెట్టేటోడు.

"బావా, పది మంది నడిచే తొవ్వల నడువరాదు? ఖరాబైతే బాగుచేసేటోడు లేడు. నా ఫ్లాపీ నీ దాంట్ల తెరుసుకోదు, నీది నా దాంట్ల తెరుసుకోదు. ఊరందరిదీ ఒక లెక్క, నీదొక లెక్క!"

"నీ మిషన్ల నీ పేరే సక్కగ రాదు గదా బావా! రాజమల్లు అని కొట్టు. ల కింద వత్తు సూడు, అలిగిన పోరని లెక్క ఏడనో దూరంగ కూసుంటది. అదే నా దాంట్ల కొట్టు, సీసంల పోసినట్టు ఒదిగి కూసుంటది."

"దూరం కూసుంటేంది? నా పేరు నేను గుర్తుపట్టనా?" అని రాజమల్లు కడుపుల నుంచి నవ్వేటోడు.

ఉన్నమాట చెప్పుకోవాలెనంటే హన్మంతు అచ్చరాలు లక్షణంగ ఉండేటియి. మల్యాల నుంచి, సారంగాపూర్ నుంచి లగ్గం కార్డులకు ఆయన దగ్గరికే వచ్చేటోళ్లు. సిరిసిల్లల బట్ట నేసే సాంచాల సేట్లు గూడ అంత దూరం నుంచి వచ్చి కొట్టిచ్చుకపోయేటోళ్లు. బుగ్గారం దొర మదన్ మోహన్ రావు తన బిడ్డ లగ్గం కార్డు హన్మంతు తాననే కొట్టిచ్చిండు. కార్డు చేతిల పడంగనే "ఇది హన్మంతుదే" అనేటోళ్లు జనం. ఆ మాట ఇని పొంగిపోయేటోడు, పిచ్చోడు.

ఎండకాలం ఒకనాడు, మిట్టమధ్యాన్నం, ఒక పిల్లా ఒక పిలగాడు దుకాణంలకు వచ్చిండ్రు. లగ్గం కార్డుకు వచ్చినోళ్లనే అనుకున్నడు. పిల్ల సంచిలకెంచి ఒక కాయితం తీసి కీబోర్డు మీద పెట్టింది. రెండు లైన్లు చదివి హన్మంతు దాన్ని మళ్ల పిల్ల దిక్కే జరిపిండు. బుగ్గారం దొరకు ఆఖరి హెచ్చరిక అది, కింద నక్సలైట్ల దళం పేరు ఉన్నది.

"నాతోని గాదు అక్కా. పిల్లలు గలోన్ని, నన్నిడిసిపెట్టుండ్రి."

"దొర బిడ్డ లగ్గం కార్డు చూసినం అన్నా. మాకు గా అచ్చరాలే కావాలె. ముసలోళ్లు గూడ చదువుకునేటట్టు ఉన్నయి." పిల్ల నవ్వుకుంటనే అన్నది. పిలగాడు సంచిల పెట్టిన చెయ్యి బయటికి తీయలే.

కొట్టిచ్చిండు. ఏం చేస్తడు మరి? మీరైతే ఏం చేద్దురు? అయినా లైన్లు సరిజేసిండు, వత్తులు సరిజేసిండు, అంచులు సమానం చేసిండు. పాడువడ్డ అలవాటు, పానం మీదికి వచ్చినా పోదు. వాళ్లు కాయితం తీస్కొని, దండం పెట్టి మరీ పోయిండ్రు.

వానలు మొదలయ్యే మిర్గానికి ముందు దొరను పొలం కాడనే కాల్చిండ్రు. పీనుగ మీద ఆ కాయితమే పెట్టి, పైన రాయి పెట్టి పోయిండ్రు.

ఇగ చూసుకో, పోలీసోళ్లు డీటీపీ దుకాణాల పొంటి పడ్డరు. ఒక్కొక్క దుకాణంల ఒకటి రెండు లైన్లు కొట్టిచ్చుకొని, ఆ కాయితం పక్కన పెట్టి చూస్తున్నరట. అచ్చరాలు కలిస్తే ఆ మనిషి గతేందో ఆ కాలంల ఒకరు చెప్పే పని లేకుండె. ఇయ్యాల తీస్కపోయినోడు నాలుగు దినాలకు పేపర్ల కనవడేటోడు, ఎదురుకాల్పులల్ల సచ్చిండని.

"పగులగొట్టి బాయిల పారెయ్యి దాన్ని," అన్నది హన్మంతు పెండ్లాం మొగిలవ్వ. గొడ్డలి తెచ్చి చేతిల పెట్టింది. హన్మంతు ఎత్తిండు. ఎత్తిన గొడ్డలి ఎత్తినట్టే ఉన్నది, కిందికి దిగలే. "గిది మళ్ల దొరకదే," అని కూలబడి ఏడ్సిండు. మొగిలవ్వ నోటికొచ్చిన తిట్లన్ని తిట్టింది. "నీ పానం దొరుకుతదా మళ్ల? థూ, నీ అచ్చరాలు మన్నుగాను!"

తెల్లారి మిషనును దుప్పట్ల సుట్టి, ట్రాలీ ఆటోల ఏసుకొని కోరుట్లకు పోయిండు. రాజమల్లు దుకాణం ముందట దిగి, తొవ్వ పొడుగునా కూడబెట్టుకున్న మాట చెప్పిండు.

"నువ్వే గెలిసినవ్ బావా. గీ ఆపిల్‌తోని నాతోని గాదు. నీ విండోస్ మిషను ఒకటి నాకియ్యి, గిది నీ దగ్గర పెట్టుకో. గని కొన్ని దినాలు ముట్టకు, దాంట్ల జర రిపేరున్నది."

రాజమల్లు సంబురం జూడాలె! హన్మంతును కావలిచ్చుకున్నడు. "ఓ సారక్కా, ఇన్నవా? మీ అన్న తొవ్వకొచ్చిండే!" అని ఇంట్లకు కేకేసిండు. ఎందుకు మారుస్తున్నవని ఒక్క మాట అడుగలే. ఏండ్ల సంది వాదిచ్చి గెలిసినోడు, ఎందుకడుగుతడు? పైగ తన మిషన్లల్ల అన్నిట్ల కొత్తది ఏరి బావ చేతికిచ్చిండు. సారక్క కోడిని కోసింది.

కోరుట్లకు వేరే పోలీసు సర్కిల్ సారు, అక్కడిదాక ఎవడొస్తడని హన్మంతు తనకు తాను చెప్పుకున్నడు. మంచిగనే చెప్పుకున్నడు. ఆ కోడికూర మాత్రం ఆయన ముట్టలే.

తర్వాత పోలీసు జవాన్లు జగిత్యాల దుకాణానికి రానే వచ్చిండ్రు. హన్మంతు విండోస్ మీద లైను కొట్టిచ్చిండు. "అందరి లెక్కనే ఉన్నయి" అనుకొని ఎళ్లిపోయిండ్రు. ఆ దినం ఆయన కంటినిండ నిద్రపోయిండు.

అక్కడ కోరుట్లల రాజమల్లు ముట్టకుంట ఉంటడా? ఉండడు. ఒకనాడు దుప్పటి తీసి, మిషను పెట్టి, మొదట తన పేరే కొట్టుకున్నడు. వత్తు ఒదిగి కూసున్నది. "మీ అన్న ఒట్టిగనే కొట్లాడలేదే" అన్నడట పెండ్లాంతోని. రిపేరూ లేదు, ఏమీ లేదు, బంగారమసొంటి మిషను. బావకు గూడ ముచ్చట కావాలెనని, చెప్పకుంట ఒక పాంప్లెట్ కొట్టిచ్చి పొద్దుగాల పేపర్లల్ల పెట్టి పంచిచ్చిండు. "లగ్గం కార్డులకు లక్షణమైన అచ్చరాలు, రాజమల్లు డీటీపీ, కోరుట్ల."

ఆ పేపరు ఠాణకు గూడ పోతది గదా, దళం కాయితం నకలు అన్ని ఠాణలల్ల ఉండె. పొద్దుగూకకముందే రాజమల్లునూ మిషనునూ ఒక్క జీపులనే ఏసుకపోయిండ్రు.

సారక్క మొదటి బస్సుకే జగిత్యాల వచ్చి అన్న కాళ్ల మీద పడ్డది. "నువ్వు రా అన్నా. మిషన్ల సంగతి తెలిసినోనివి, నువ్వు చెప్తే ఇంటరు. ఆయనకేం ఎరుక అన్నా!"

హన్మంతు పోయిండు. పోలేదనవద్దు. బస్సుల పోయినంతసేపు లోపల ఒక్కటే మాట అనుకుంటున్నడు. నేనే కొట్టిన సారూ, పానం తీస్తమని బెదిరిచ్చి కొట్టిచ్చుకున్నరు, మా బావకు ఏం తెల్వదు. అనుకున్నకొద్దీ ధైర్యం వచ్చినట్టే ఉన్నది.

కోరుట్ల ఠాణల సారక్కను గేటు కాడనే ఆపిండ్రు. లోపల సారు బల్ల మీద రెండు కాయితాలు పెట్టుకున్నడు. ఒకటి రాజమల్లు పాంప్లెట్. ఇంకోదాని మీద దొర నెత్తురు ఎండి నల్లగైంది. ఎనుక గదిలకెంచి ఎవరో మూలుగుతున్నరు. ఆ గొంతు హన్మంతు గుర్తుపట్టిండు.

"నువ్వు పాత కంపోజిటర్వట గదా. ఇవి రెండూ ఒక్క మిషన్లయేనా?"

"ఒక్క మిషన్లయే సార్."

"ఆ మిషను ముందు నీదేనట. మీ బావను అడిగితే నోరు తెరుస్తలేడు. ఎంత కొట్టినా ఒక్కటే మాట, 'మా బావను అడుగుండ్రి, ఆయన ఎట్ల చెప్తే గట్ల' అంటుండు." సారు కుర్చీల ముందుకు వంగిండు. "చెప్పు మరి. మిషను వానికి ఎప్పుడిచ్చినవ్? దొర సచ్చుడుకు ముందటనా, తర్వాతనా?"

తర్వాత అంటే తను లోపలికి, బావ బయటికి. ముందట అంటే తను బయటికి, బావ... అయ్యో, 'నేనే కొట్టిన' అనే మాటనే గదా బస్సంత సదువుకుంట వచ్చింది! ఎనుక గదిల మూలుగు ఆగింది. రాజమల్లు ఇంటున్నడు.

"ముందటనే సార్," అన్నడు.

సారు తలకాయ ఊపి కాయితాలు మడిచిండు. ఎనుక గదిలకెంచి మళ్ల ఏ సప్పుడూ రాలే. బయట సారక్క ఎదురొచ్చి "ఏమన్నరన్నా?" అనడిగింది. "చూస్తమన్నరు చెల్లె," అన్నడు హన్మంతు, ముఖం పక్కకు తిప్పుకొని.

నాలుగు దినాలకు పేపర్ల వచ్చింది. సారంగాపూర్ అడవిల ఎదురుకాల్పులట. రాజమల్లు అనే దళ సభ్యుడు హతమట. జిందగీల పిట్టలను కొట్టే గుల్లేరు గూడ చేతిల పట్టనోడు. శవాన్ని తెచ్చుకునుడు, దహనం చేసుడు అన్నీ హన్మంతే ముందట పడి చేసిండు. చూసినోళ్లు, "బావంటే గట్లుండాలె" అన్నరు.

రాజమల్లు దినకర్మ కార్డు కొట్టిచ్చుకోను సారక్క ఒక్కతే జగిత్యాల వచ్చింది. మొగిలవ్వ మంచినీళ్లిస్తే ముట్టలే. అన్న ఎదురుంగ స్టూలు మీద కూసున్నది.

"ఠాణ కాడ జవాను చెప్పిండన్నా," అన్నది. గొంతుల ఏడుపు లేదు. "దొర సచ్చినంకనే ఆ మిషను మా ఇంటికి వచ్చిందని నేను గేటు పట్టుకొని మొత్తుకున్న. దుప్పట్ల సుట్టుకొని వచ్చినవ్, నేను కోడిని కోసిన, అన్నీ చెప్పిన. 'నీ అన్ననే ముందటిదని చెప్పిండు, ఇగ నీ మాట ఎవరు పట్టుకుంటరు, పో' అన్నడు."

హన్మంతు తల దించుకొని కీబోర్డు దగ్గరికి గుంజుకున్నడు.

"కొట్టు," అన్నది సారక్క.

రాజమల్లు ఇచ్చిన మిషను మీదనే కొట్టిండు. పేరు తెర మీద పడ్డది. వత్తు ల కు దూరంగ, ఎప్పటి లెక్కనే, పోయి కూసున్నది. కండ్లల్ల నీళ్లు కారుతనే ఉన్నయి, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకపోతున్నది. వత్తును జరిపి దగ్గరికి తేను మౌసు పట్టుకున్నడు.

"దాన్ని ముట్టకు," అన్నది సారక్క. "ఆయన పేరు ఆయన గుర్తుపడుతడు."

అట్లనే ప్రింటు తీసిచ్చిండు. ఆమె కాయితం మడిచి కొంగున ముడేసుకొని, అన్న దిక్కు చూడకుంట బస్టాండుకు నడిచింది.